నొప్పి లేని చోటు

ఓబులేష్ మగ్గానికి ఇద్దరు కావాలి. గుంతలోకి కాళ్లు దించుకుని అడ్డపోగు మోసే నాడెను నడుమ విసిరేది అతను. పక్కన చెక్కపలక మీద కూర్చుని అంచు నాడె వేసేది అతని భార్య సునంద. ఆమె లేచిందంటే మగ్గం ఆగినట్టే. ధర్మవరంలో పట్టుచీరలు నేసే వీధుల్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. తెలియనిదల్లా వాళ్ల కూతురు జ్యోతి నడుముకు కట్టిన పంపుకే.

గురువారం మధ్యాహ్నం అది మళ్లీ కూసింది. ఒంటిపూట బడి నుంచి వచ్చి, అవ్వ పెట్టిన అన్నం తిని, వసారాలో పడుకున్న జ్యోతి లేచి వచ్చి మగ్గమున్న గది గడప మీద నిలబడింది. ఆరో తరగతి చదువుతోంది. గౌను కింద నడుముకు గుడ్డ పట్టీ, ఆ పట్టీలో సబ్బుబిళ్లంత పంపు, దాంట్లోంచి పొట్టకు పోయే సన్నటి గొట్టం. ఆ గొట్టం గుండా ఇన్సులిన్ రాత్రీ పగలూ చుక్కచుక్కగా లోపలికి పోతూ ఉండాలి.

"మా, కొట్టుకుంటాంది."

"ఏమంటాంది?"

"మందు పోతాలేదంట."

"నిన్ననే కదే కొత్తది ఏసింది!"

ఓబులేష్ నాడెను ఒళ్లో పెట్టుకున్నాడు. ఏమీ అనలేదు. అనకపోవడమే సునందకు ఎక్కువ బాధగా ఉంటుంది. ఆ చీర నేత ముగిసి రేపు మగ్గం మీంచి తెగాలి. తెగితే సావుకారుకు ఇచ్చి, కొత్త పడుగు ఎక్కించుకుని, సోమవారం పొద్దున పాపతో బెంగళూరు ఆసుపత్రికి రైలెక్కాలి. అన్నీ ఒకదాని వెనక ఒకటి లెక్కగా పేర్చుకున్నారు. ఆ లెక్కలో ఈ కూత లేదు.

సునంద చేతులు కడుక్కుని వచ్చి గొట్టాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని మొదలు నుంచి చివరిదాకా జార్చి చూసింది. మడత లేదు, గాలిబుడగ లేదు. చెమటకు ప్లాస్టరు ఊడిందేమో చూసింది. అంటుకునే ఉంది. వేలు పొడిచి మీటరులో చూస్తే షుగర్ నాలుగువందల పన్నెండు.

"ఏం తింటివే?"

"అవ్వ పెట్టిందే తింటిమా. కొలిచే పెట్టింది."

వంటింట్లోంచి ఆంజినమ్మ గొంతు వచ్చింది. ఆమె ఓబులేష్ తల్లి. "నేను కొలిచింది కొలిచినట్టే పెడతాండా. బళ్లో ఏం తింటాందో నాకేం తెల్సు? మిషన్లు పెడితే సరిపోయిందా, నోరు కట్టుకోవాల గానీ!"

ఈ నెలంతా ఇదే వరస. పొట్టకు గుచ్చే సెట్టు మార్చడం, మందు పెంచడం, రెండు గంటలాగి చూడటం, అంకె దిగకపోవడం. అత్త అన్నమాట ఆమె మనసులోనూ ఉంది. లేకపోతే ఎందుకు దిగదు? పోయినసారి బెంగళూరులో డాక్టరమ్మ మెల్లగానే చెప్పింది. మూడు నెలల సగటు ఈసారి కూడా ఇట్లే ఉంటే, పంపు ఇచ్చిన ట్రస్టువాళ్లు దీన్ని వెనక్కి తీసుకుని ఇంకో బిడ్డకు ఇస్తారని. ఆ తర్వాత మళ్లీ సూదులే. బడి మరుగుదొడ్డి తలుపు వెనక నిలబడి, ఒక చేత్తో గడియ పట్టుకుని, ఇంకో చేత్తో తనకు తానే సూది గుచ్చుకునే పిల్ల సునంద కళ్ల ముందు కదిలింది.

కొత్త సెట్టు తీసింది. గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీ అది. చర్మానికి ఆనించి బొత్తాం నొక్కితే సూది దిగి, వెనక్కి వచ్చి, మెత్తటి గొట్టం ముక్క మాత్రం లోపల మిగులుతుంది.

"యాడ ఏద్దాం?"

జ్యోతి గౌను ఎత్తి బొడ్డుకు ఎడమపక్క చూపించింది. "ఈడమా. ఈడైతే నొప్పే ఉండదు."

సునంద డబ్బీ ఆనించి, తల గోడవైపు తిప్పుకుని, పళ్లు బిగబట్టి నొక్కింది. టక్కుమంది. తిరిగి చూస్తే జ్యోతి నవ్వుతోంది.

"అయిపాయ. పో మా, నాయన కాసుకుని ఉండాడు."

శుక్రవారం చీర తెగింది. ఓబులేష్ దాన్ని మడతపెట్టి తెల్లగుడ్డలో చుట్టుకుని సావుకారు ఇంటికి పోయాడు. కొత్త పడుగు తెచ్చి గదిలో ఒక మూల చుట్టగా పెట్టి, మళ్లీ బయటికి పోయాడు. దాని పోగుల్ని మగ్గం మీద మిగిలిన పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. వేలకొద్దీ పోగులు. ఆ పని చేసే అక్కులమ్మ సాయంత్రం వచ్చి పడుగు చూసుకుంది. అరవై దాటిన మనిషి. వీధిలో సగం మగ్గాల అతుకులు ఆమె వేళ్లవే.

"రేపు కూచుంటే ఆదివారం పగటికి అయిపోతాది. సునందా, నువ్వూ ఒక పక్క కూచోవాల."

"కూచుంటా అత్తా."

అతుకు అయ్యాక ఇలవేల్పు చౌడమ్మ పటం ముందు దీపం పెట్టి, బెల్లంఅచ్చు పగలగొట్టి, అతికిన చేతులకు మొదట పెట్టి, తర్వాత ఇంటిల్లిపాదీ తినాలి. అంతవరకు ఆ బెల్లాన్ని ఎవరూ ముట్టరు. ముడితే అతుకు నిలవదంటారు. నేస్తున్నప్పుడు పోగులు పుటుక్కు పుటుక్కున తెగుతాయంటారు. ఆంజినమ్మకు ఈ విషయంలో అనుమానమే లేదు. తన పెళ్లయిన ఏడాది ఎవరో బావమరిది గోరంత గిల్లి తిన్నాడని, ఆ పడుగు నేసినన్నాళ్లూ ఏడిపించిందని ఇప్పటికీ చెబుతుంది.

అక్కులమ్మకు చూపిద్దామని ఆంజినమ్మ పటం ముందున్న కాగితం పొట్లం విప్పింది. అచ్చుకు ఒక మూల లేదు.

"ఇదేందిది?" ఆమె అచ్చును వెలుగుకు తిప్పింది. "ఎలక కొరికినట్టు లేదు. చేత్తో ఇరిచినట్టుండాది."

అందరి కళ్లూ ఒకే వైపు తిరిగాయి. గుమ్మంలో కూర్చుని పుస్తకాలకు అట్టలు వేసుకుంటున్న జ్యోతి తలెత్తింది.

"నేను కాదు."

"నిన్నెవరన్నా అడిగినారా?" అంది ఆంజినమ్మ.

సునంద మీటరు తెచ్చింది. వేలు పొడిచి నెత్తురు అద్దింది. నాలుగువందల ముప్ఫై.

"తినకుంటే ఇదెట్లొచ్చె?"

"నాకు తెల్దుమా. నేను తినలేదు."

"నోరు తెరువు. ఊదు."

జ్యోతి నోరు తెరవలేదు. తెరవనందుకు కోపమో, సోమవారం అంటే భయమో, ఆ అంకెను ఏమీ చేయలేక పిల్లనే ఏదో ఒకటి చేయాలన్న ఉక్రోషమో, సునంద చెయ్యి లేచింది. చెంప మీద అయిదు వేళ్లూ పడ్డాయి. పిల్ల తల గుమ్మానికి తగిలింది.

"నీ కోసం ఊరూరా తిరిగి కాళ్లు పట్టుకుని తెచ్చినానే ఆ మిషను! నీకు బెల్లంముక్క ఎక్కువైపాయనా?"

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. అక్కులమ్మ నవ్వలేదు. జ్యోతి ఏడవలేదు. అట్టలు, పుస్తకాలు దగ్గరకు తీసి గోడకు పేర్చి, పోయి ఖాళీ మగ్గం గుంతలోకి దిగి కూర్చుంది. నాన్న కాళ్లు ఆడించే చోటు అది, చల్లగా ఉంటుంది. తల మాత్రమే పైకి కనిపిస్తోంది.

"ఏడుపే రాలేదు సూడు. తిన్నట్టే," అంది ఆంజినమ్మ.

తిననిదాన్ని తిన్నావని అనడానికి ముగ్గురు పెద్దవాళ్లు ఉన్నారు. తినలేదని చెప్పడానికి ఆ పిల్ల ఒక్కతే ఉంది. ఒకరి మాట ఎంత తూగుతుంది?

రాత్రి అన్నానికి పిలిస్తే ఆకలి లేదంది. సునంద బతిమాలలేదు. ఓబులేష్ పొద్దుపోయి వచ్చేసరికి పిల్ల నిద్రపోయింది. పొద్దున లేచి చూస్తే ఏమీ తినని పొట్ట మీద అంకె మూడువందల తొంభై. సునంద మీటరు వైపే చూస్తూ చాలాసేపు నిలబడింది. షుగర్ పడిపోతే తినమని బడిసంచిలో పెట్టిన చాక్లెట్లు తీసి చూసింది. ఒక్కటి కూడా విప్పలేదు. వాటిని మళ్లీ సంచిలోనే పెట్టి, జిప్పు వేసి, ఆ జిప్పు మీదే చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

శనివారం అతుకు మొదలైంది. మగ్గం పైన సన్నటి బల్బు వెలిగించి, పాత పోగుల కొసలు ఒకవైపు, కొత్త పడుగు ఇంకోవైపు పరిచారు. అక్కులమ్మ కుడిపక్క, సునంద ఎడమపక్క. ఇద్దరి మధ్య మట్టిమూకుడులో జల్లెడ పట్టిన బూడిద. పాత పోగు, కొత్త పోగు కలిపి పట్టుకుని, బూడిద అద్దిన బొటనవేలితో ఒక్క మెలి తిప్పితే రెండూ ఒకటవుతాయి. ముడి కనిపించకూడదు. చూపుడువేలు పైకి పోనిస్తే గరుకు తగలకూడదు.

ఫ్యాను వేస్తే పోగులు చెదురుతాయి. అందుకని వేయలేదు. చెమట మోచేతుల దాకా కారుతోంది. జ్యోతి ఒక పక్కగా కూర్చుని, ఎవరూ చెప్పకుండానే మూకుడులో బూడిద అయిపోతే పోస్తోంది. తల్లి ముఖం వైపు చూడటం లేదు.

పదకొండు దాటాక ఓబులేష్ టీ పట్టుకొచ్చాడు. గ్లాసులు గోడవారగా పెడుతూ పటం ముందు విప్పి ఉన్న పొట్లం చూశాడు.

"ఇదేందిమా, పొట్లం ఇప్పి పెట్టినారు? చీమలు పట్టవా?"

"అంతకు ముందే పట్టినాయిలే రెండుకాళ్ల చీమలు," అంది ఆంజినమ్మ. "మూల సూడు."

"మూలా? అది అంగట్లోనే ఇరిగింది కదా. తూకం ఎక్కువొస్తాందని అంగడాయప్ప మూల ఇరిచి తక్కిట్లోంచి తీసేసినాడు. నా ముందరనే. ఏం, ఎందుకు?"

ఓబులేష్ ఒకరి తర్వాత ఒకరి ముఖం చూసి, చివరికి కూతురి చెంప చూశాడు. నిన్నటి వేళ్ల గుర్తులు తగ్గాయి గానీ పోలేదు.

సునంద వేళ్ల మధ్య మెలి వేయబోతున్న పోగు అట్లాగే ఉండిపోయింది. అక్కులమ్మ చెయ్యి చాచి ఆ పోగును ఆమె వేళ్లలోంచి తీసుకుంది.

"నేను అతుకుతాలే. నువ్వు లెయ్."

సునంద ఫోను తీసుకుని వీధిలోకి వచ్చింది. ఎండ నేల మీద నిలవనివ్వడం లేదు. ఎదురింటి గోడ నీడలో నిలబడి ఎస్తేరుకు చేసింది. బెంగళూరు ఆసుపత్రిలో పంపుల సంగతి చూసే నర్సు ఎస్తేరు. కదిరి దగ్గరి మనిషి కాబట్టి తెలుగులో మాట్లాడుతుంది. ఇన్నాళ్లూ సునంద ఆమెకు అంకెలు మాత్రమే చెప్పేది, ఎంత మందు పెంచాలో అడిగేది. ఈసారి అంకె చెప్పలేదు.

"సిస్టర్, మా పాప ఏమీ తినలేదు. నిన్న రాత్రి అన్నం కూడా తినలేదు. అయినా దిగల్యా. నేను దాన్ని కొట్టినా."

ఎస్తేరు కూడా అంకె అడగలేదు.

"వాంతులు, కడుపునొప్పి ఏమైనా ఉండాయా అక్కా?"

"ల్యా."

"సరే. సెట్టు యాడ ఏస్తాండావు?"

"బొడ్డు పక్కన. ఎడమకు."

"ఎప్పుడూ ఆడ్నేనా?"

"ఆడైతే నొప్పి లేదంటాది."

"మారుస్తా ఉండాలని చెప్పింటిమి కదక్కా."

"చెప్పినారు. తొడకు ఒకసారి ఏస్తే ఇల్లెగిరిపోయేట్టు ఏడ్చింది. ఆ యేడుపు ఇనలేక..."

"చేత్తో తడిమి చూసినావా ఆ చోటును?"

సునంద చూడలేదు. ఎన్నడూ చూడలేదు. డబ్బీ ఆనించడం, తల తిప్పుకోవడం, నొక్కడం. అంతే.

"పోయి చూడు. ఫోను పెట్టెయ్యొద్దు."

ఆమె లోపలికి వచ్చి, చేతుల బూడిద కడుక్కుని, జ్యోతిని వంటింట్లోకి తీసుకుపోయి గౌను ఎత్తించింది. పట్టు మీద వెంట్రుకంత గరుకును కూడా పట్టుకునే వేళ్లు అవి. పొట్ట మీద పెట్టగానే తెలిసింది. చర్మం కింద నిమ్మకాయంత గడ్డ. గట్టిగా లేదు, రబ్బరులా ఉంది. దాని మీదనే మొన్నటి సెట్టు, దాని పక్కనే అంతకు మునుపటి గుర్తు, ఆ పక్కన ఇంకా పాతది.

"ఉండాది సిస్టర్."

"కాయ కాసిందక్కా. మగ్గంకాడ మీ చేతులకు కాయ కాస్తాది చూడు, అట్లనే అనుకో. కాయ కాసిన చోట నొప్పి తెలీదు, మందూ సరిగ్గా ఎక్కదు. పాప తప్పేం లేదు. ఇప్పుడే తొడకు మార్చు. నేను డాక్టరమ్మను అడిగి మందు ఎంత తగ్గించాలో చెప్తా. కొత్తచోట బాగా ఎక్కుతాది, షుగర్ దబుక్కున పడిపోవచ్చు. తీపి చేతికందేట్టు పెట్టుకో. సోమవారం సగటు ఎట్లాగూ ఎక్కువే వస్తాది. ఎందుకొచ్చిందో మాత్రం నువ్వే నోరిప్పి చెప్పాల."

"చెప్తా."

ఫోను పెట్టి సునంద కింద కూర్చుంది. జ్యోతి గౌను దించుకుని గోడకు ఆనుకుని నిలబడింది.

"గడ్డ ఉన్నట్టు నీకు తెల్సునా?"

పిల్ల తల ఊపింది.

"ఎందుకు చెప్పలేదే?"

జ్యోతి కాలి బొటనవేలితో బండ మీద గీస్తూ చెప్పింది. "తొడకు ఏసినప్పుడు నేను ఏడిస్తే, నువ్వు బచ్చలింట్లోకి పోయి తలుపేసుకుని ఏడ్చినావు. కొళాయి ఇప్పినావు గానీ ఇనపడింది. ఆ పొద్దు అన్నం కూడా తినలేదు నువ్వు. అందుకని ఈడ చూపించినా."

కూతురికి నొప్పి కాకూడదని తాను వెతుక్కున్న చోటని సునంద ఇన్నాళ్లూ అనుకుంది. తల్లికి నొప్పి కాకూడదని ఆ పిల్ల వెతికి పెట్టిన చోటు అది.

"నిన్ను కొట్టినా కదే."

"ఊ."

"తప్పు నాది. అందరి ముందర కొట్టినా, అందరి ముందరే చెప్తా." పిల్లను దగ్గరకు లాక్కుంది. "ఇంగ నొప్పయితే గట్టిగా అరువు. నాకు ఏడుపొస్తే నేనూ నీ ముందరే ఏడుస్తా. దాసుకునేది మనకొద్దు."

కొత్త సెట్టు తీసింది. తొడ మీద చోటు తుడిచి డబ్బీ ఆనించింది. ఈసారి తల తిప్పలేదు. కూతురి ముఖంలోకి చూస్తూ నొక్కింది. జ్యోతి పెద్దగా అరిచింది. ఇన్ని నెలలుగా దాచుకున్నదంతా కలిపి అరిచినట్టు అరిచింది. మగ్గమున్న గదిలో మాటలు ఆగిపోయాయి.

"ఏమైందే?" అక్కులమ్మ కేక వేసింది.

"ఏం లేదత్తా," సునంద అక్కడి నుంచే గట్టిగా చెప్పింది. "మా పాపకు నొప్పయ్యింది."

తర్వాత గదిలోకి వచ్చి, తన చోట కూర్చుని, బూడిదలో వేలు అద్దుకునే ముందు, ఎవరి వైపూ ప్రత్యేకంగా చూడకుండా అంది. "జ్యోతి బెల్లం తినలేదు. ఏమీ తినలేదు. సూది ఒకే చోట గుచ్చి గుచ్చి నేనే చెడగొట్టినా. సోమవారం డాక్టరమ్మకూ ఇదే చెప్తా. పంపు తీసుకుంటే తీసుకోనీ."

ఆంజినమ్మ చాటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు. ఏరిన రాయినే మళ్లీ మళ్లీ ఏరుతోంది.

ఆదివారం పొద్దున అంకె నూట అరవై. ఓబులేష్ మీటరు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు, అది తమ మీటరేనా అన్నట్టు. ఆంజినమ్మ మనుమరాలి పళ్లెంలో కొలిచిన దాని మీద ఒక చెంచా కూర ఎక్కువ వేసి, "కూరకేం కాదులే" అంది. ఆమె క్షమాపణ అంతవరకే. అంతకన్నా ఎక్కువ ఆ ఇంట్లో ఎవరూ ఎదురుచూడలేదు.

పగలు పన్నెండుకు అంచు పోగులు మాత్రం మిగిలాయి. ఒత్తి వేసి దీపం సిద్ధంగా ఉంది. బెల్లంఅచ్చు పటం ముందు కొత్త కాగితంలో ఉంది. అక్కులమ్మ అతికిన పోగుల మీద అరచేతితో నిమిరి, "నునుపుగా వచ్చింది" అంది.

జ్యోతి మూకుడులో బూడిద పోస్తోంది. పోస్తున్నది మూకుడు పక్కన పడుతోంది.

"సూసి పొయ్యే," అంది సునంద. తలెత్తి చూసింది. పిల్ల పైపెదవి మీద చెమట. అది ఉక్క చెమట కాదు. కళ్లు ఎక్కడో ఉన్నాయి. బూడిద డబ్బా పట్టుకున్న చెయ్యి సన్నగా వణుకుతోంది.

"జ్యోతీ! ఏమే?"

"ఏం లేదు," అంది జ్యోతి, నిద్రలో మాట్లాడినట్టు.

ఓబులేష్ మీటరు అందించాడు. యాభై నాలుగు. మందు ఎక్కుతోంది. ఇన్నాళ్లూ గడ్డలో ఇంకిపోయిన మందు ఇప్పుడు ఒంట్లోకి పోతోంది. ఎస్తేరు చెప్పినంత తగ్గించినా సరే, ఎక్కువైంది.

"చాక్లెట్లు! సంచి యాడుండాది?"

ఓబులేష్ లోపలికి పరిగెత్తాడు. సంచి మేకుకు లేదు, మంచం కింద లేదు. సునంద పోగుల మధ్యలోంచి లేవబోతోంది. అందరికన్నా దగ్గరగా ఉన్నది ఆంజినమ్మ. ఆమె పటం ముందు కూర్చుని ఉంది, చేతిలో వెలిగించని అగ్గిపుల్ల. ఒకసారి అమ్మవారి వైపు చూసింది. ఇంకా అతకని అంచు పోగుల వైపు చూసింది. అగ్గిపుల్ల కింద పెట్టి, కాగితం చింపి, బెల్లంఅచ్చును గడపకేసి కొట్టింది. ముక్కలు చెదిరాయి. పెద్దముక్క ఒకటి ఏరి పిల్ల నోటి దగ్గర పెట్టింది.

"తినుమ్మా."

జ్యోతి పెదవులు బిగించింది. తల అడ్డంగా ఊపింది. చూపు తల్లి మీద ఉంది. "నేను ముట్టలేదు."

"ముట్టలేదు తల్లీ. నాకు తెల్సు. ఇప్పుడు తిను."

"అవ్వా, అతుకు నిలవదు."

"నిలవకుంటే మళ్లీ అతుక్కుందాం లేమ్మా," అంది ఆంజినమ్మ. ఆ గొంతు ఆ ఇంట్లో ఎవరూ విననిది.

అయినా పిల్ల నోరు తెరవలేదు. సునంద వచ్చి అత్త చేతిలోంచి ముక్క తీసుకుంది. వేళ్ల నిండా బూడిద. కడుక్కునే వ్యవధి లేదు. నిన్నగాక మొన్న కొట్టిన చేతితోనే కూతురి గడ్డం పట్టుకుని, బెల్లం పెదవుల మధ్య పెట్టింది. బూడిద పెదవులకు అంటింది. జ్యోతి తల్లి కళ్లలోకి చూసి, మెల్లగా నోరు తెరిచి, బెల్లాన్ని బుగ్గన పెట్టుకుంది.

"నములు. మింగు. ఇంకో ముక్క."

పక్కన అక్కులమ్మ బూడిద మూకుడును దూరం జరిపి, పిల్ల తలను తన ఒడికి ఆనించుకుంది. ఓబులేష్ సంచి దొరికించుకుని వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. మూడో ముక్కకు జ్యోతి చేతి వణుకు తగ్గింది. ముఖంలోకి రంగు వచ్చింది. కళ్లు ఇంటికి తిరిగొచ్చాయి. తిరిగొచ్చిన కళ్లు చుట్టూ ఉన్నవాళ్లను ఒక్కొక్కరినీ చూశాయి. అప్పుడు, బెల్లం ఇంకా బుగ్గన ఉండగానే, చెంపదెబ్బకు రాని ఏడుపు వచ్చింది. మొదట సన్నగా, తర్వాత ఎక్కిళ్లుగా.

"నేను... చెప్తే... ఎవురూ ఇనల్యా."

"ఇనల్యా," అంది సునంద. "మేం ఎవురమూ ఇనల్యా."

ఆమె లేవలేదు. బచ్చలింటి వైపు చూడను కూడా లేదు. అక్కడే, అక్కులమ్మ ముందర, అత్త ముందర, మొగుడి ముందర, కూతురి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. జ్యోతి ఏడుస్తూనే ఆమెను కాసేపు చూసింది. తర్వాత ఆంజినమ్మ చేతిలో మిగిలిన బెల్లంముక్క తీసుకుని తల్లి నోట్లో పెట్టింది.